మంగళగిరి చీరల సైటు: కొట్టు పేరు తెలియనివాళ్ళు గూగుల్‌లో ఏం కొట్టి వెతుకుతారు?

అంచు_జరీ:

మంగళగిరిలో చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్మే కొట్టు. సైటు వర్డ్‌ప్రెస్ మీద ఊకామర్స్‌తో (ఆన్‌లైన్ కొట్టు నడిపే ప్లగిన్) నడుస్తోంది. ఎప్పుడు చూసినా 400 చీరల దాకా ఉంటాయి. చాలావరకు ఒక్కో రంగుకి ఒక్కటే పీసు, అమ్ముడవగానే ఆ పేజీ తీసేస్తాం. సెర్చ్ కన్సోల్ (గూగుల్ వెతుకులాటలో మన సైటు ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ పనిముట్టు) తెరిస్తే క్లిక్కులన్నీ కొట్టు పేరు కొట్టి వచ్చినవే. అంటే వచ్చేవాళ్ళంతా ముందే మాకు తెలిసినవాళ్ళు. మా పేరు తెలియనివాళ్ళు చీర కావాలంటే ఏ మాటలతో వెతుకుతారు? ఆ మాటలు ఎక్కడ దొరుకుతాయి? దొరికాక సైటులో ఏం మార్చాలి?

ఇంకో మూడు సందేహాలు. తెలుగులో కూడా పేజీలు పెట్టాలా, ఇంగ్లీషు చాలా? ప్రకటనలకి డబ్బు పెట్టకుండా పని అవుతుందా? సైటు చేసినవాళ్ళు మెటా కీవర్డ్స్‌లో (పేజీ కోడులో పైకి కనపడకుండా రాసే మాటలు) 200 మాటలు పెట్టామంటున్నారు, దానివల్ల ఏమైనా ఉందా?

క్లిక్కు_లెక్క:

చివరిదాంతో మొదలుపెడతాను. వెబ్ ఫలితాల వరుసకి మెటా కీవర్డ్స్ ట్యాగుని వాడటం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే చెప్పేసింది. ఆ 200 మాటలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. వాటికి విడిగా బిల్లు వేసి ఉంటే అడగండి.

ఇక సెర్చ్ కన్సోల్. మీరు పైపైన చూసి వదిలేసినట్టున్నారు. పర్ఫార్మెన్స్ రిపోర్టులో మామూలుగా 3 నెలలే కనిపిస్తాయి, దాన్ని 16 నెలలకి మార్చండి. అంతకుమించి పాత లెక్క గూగుల్ దాచదు కాబట్టి ఏడాదికోసారైనా దించి పెట్టుకోవాలి. పైన నాలుగు పెట్టెలుంటాయి: క్లిక్కులు, ఇంప్రెషన్లు (ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించారో), సీటీఆర్ (కనిపించినవాటిలో ఎంత శాతం నొక్కారో), సగటు స్థానం. మొదటి రెండే వెలిగి ఉంటాయి, మిగతా రెండూ నొక్కండి.

తరవాత మీ పేరు కొట్టి వచ్చినవాళ్ళని పక్కకి తీయాలి. ఫిల్టర్‌లో క్వెరీ (జనం కొట్టిన మాట) ఎంచుకుని, కస్టమ్ రెజెక్స్‌కి (ఒకేసారి చాలా రకాల రాతల్ని పట్టుకునే గుర్తుల పద్ధతి) వెళ్ళి, "సరిపోలనివి" అన్నది పెట్టండి. పెట్టెలో మీ కొట్టు పేరుని జనం ఎన్ని రకాలుగా రాస్తారో అన్నీ రాసి మధ్యలో నిలువు గీతలు పెట్టండి. తెలుగులో రాసింది, ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది, కలిపి రాసింది, తప్పుగా రాసింది, అన్నీ. ఇప్పుడు మిగిలిన పట్టికని క్లిక్కుల ప్రకారం కాకుండా ఇంప్రెషన్ల ప్రకారం పేర్చండి. మీరడిగే మాటలు అక్కడున్నాయి. ఇంప్రెషన్లు బాగా ఉండి, క్లిక్కులు సున్నాకి దగ్గరగా ఉండి, స్థానం 8కీ 20కీ మధ్య ఉన్న మాటలు ముందు ఏరుకోండి. గూగుల్ మిమ్మల్ని ఆ మాటకి తగినవాళ్ళుగా గుర్తించింది, కానీ జనం కంటికి ఆనేంత పైకి పెట్టలేదు. 60వ స్థానంలో ఉన్నవాటి జోలికి ఇప్పుడే పోకండి.

ఒక్కో మాట మీద నొక్కి, పక్కనున్న పేజెస్ ట్యాబ్ చూడండి. డ్రెస్ మెటీరియల్ అని వెతికినవాళ్ళకి మీ హోమ్ పేజీ కనిపిస్తోందంటే, దాని గురించి చెప్పే పేజీ మీ దగ్గర లేదనో, ఉన్నా గూగుల్‌కి అంటలేదనో అర్థం. పేజీ ఉందనుకుంటే దాని అడ్రసుని సెర్చ్ కన్సోల్‌లోనే ఉన్న యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పెట్టి, గూగుల్ దాన్ని చేర్చుకుందో లేదో చూడండి. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్, రీడింగ్ కింద సెర్చ్ ఇంజిన్లని రావద్దని చెప్పే చిన్న గడి ఒకటి ఉంటుంది. సైటు కడుతున్నప్పుడు టిక్కు పెట్టి, తరవాత తీయడం మరచిపోతారు. చాలా సైట్లలో జబ్బు అదే.

లెక్కలు చూసి కంగారు పడకుండా ఇవి గుర్తుంచుకోండి.

పట్టికలో 1000 వరసలే వస్తాయి. ఇంకా కావాలంటే ఒక్కో పేజీకో, ఒక్కో దేశానికో ఫిల్టర్ పెట్టి విడివిడిగా దించుకోండి, ప్రతిసారీ మళ్ళీ 1000 వస్తాయి.

మరీ కొద్దిమంది వెతికిన మాటలని గోప్యత కోసం గూగుల్ చూపించదు. అందుకే వరసలన్నీ కూడినా పైనున్న మొత్తానికి సరిపోదు. క్వెరీ మీద ఏ ఫిల్టర్ పెట్టినా ఆ దాచినవి లెక్కలోంచి పోతాయి, అంకె ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. పడింది సైటు కాదు.

సగటు స్థానం అంటే నిజంగా సగటే. గుంటూరులో 3లోనూ ముంబైలో 37లోనూ సమానంగా కనిపిస్తే అక్కడ 20 అని ఉంటుంది, కానీ 20లో మిమ్మల్ని చూసినవాడు ఒక్కడూ లేడు. అందుకని దేశం, డివైస్ ట్యాబులు విడగొట్టి చూడండి. అమెరికాని తప్పకుండా విడిగా చూడాలి.

సెర్చ్ టైప్ దగ్గర వెబ్ బదులు ఇమేజ్ పెడితే బొమ్మల వెతుకులాట లెక్క వేరేగా వస్తుంది. చీరల వ్యాపారానికి అది చిన్నదేమీ కాదు.

గూగుల్ ఎనలిటిక్స్‌లో (సైటుకి వచ్చినవాళ్ళని లెక్కించేది) ఈ మాటలు వెతక్కండి, సెర్చ్ కన్సోల్‌ని దానికి కలపకపోతే ఉండవు. 2011 నుంచి గూగుల్ వెతుకులాటని ఎన్‌క్రిప్ట్ చేస్తూ వచ్చింది, వెతికిన మాట సైటుకి చేరదు. ఎనలిటిక్స్ వచ్చిన దారి చెబుతుంది, మాట సెర్చ్ కన్సోల్ చెబుతుంది.

పడుగు_పేక:

పైన చెప్పినదంతా సరైనదే, కానీ ఒక లోటుంది. సెర్చ్ కన్సోల్‌లో కనిపించేవి మీ సైటు ఎక్కడో ఒకచోట తగిలిన మాటలే. వల వేసిన చోట పడ్డ చేపల లెక్క అది, చెరువులో ఉన్న చేపల లెక్క కాదు. అసలు మీరు ఎక్కడా కనిపించని మాట అందులో ఎప్పటికీ రాదు.

బయటి మాటలకి మొదటి చోటు మీ వాట్సాప్. గత రెండు మూడు నెలల్లో కొత్త నంబర్ల నుంచి వచ్చిన మొదటి మెసేజీలు ఓ 100 తీసి, వాళ్ళు రాసిన మాటలు ఉన్నవున్నట్టుగా ఒక షీటులో ఎక్కించండి. దిద్దకండి. "గళ్ళ చీర ఉందా", "ప్లెయిన్ కాటన్ పెద్ద అంచు", "ఆఫీసుకి కట్టుకునేవి", "అమ్మకి మెత్తటిది", "వంగపండు రంగు", "2000 లోపు". మీ సైటులోనో? "80 బై 80", "గుంట మగ్గం", "గంగా జమున". మగ్గం మాట ఒకటి, కొనే మాట ఒకటి. మగ్గం మాటలు పారేయమని కాదు, సరుకు తెలిసినవాళ్ళు "నిజాం అంచు" అనే వెతుకుతారు. పేజీలో రెండూ ఉండాలి, శీర్షికలో మాత్రం కొనేవాళ్ళ మాట ముందుండాలి.

రెండోది గూగుల్ పెట్టె. ఇన్‌కాగ్నిటో తెరిచి "మంగళగిరి చీర" కొట్టి, ఒక ఖాళీ వదిలి ఆగండి. కింద వచ్చినవి రాసుకోండి. తరవాత ఒక్కో అక్షరం చేర్చి చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లోనూ అంతే. ఫలితాల పేజీలో జనం అడిగే ప్రశ్నల పెట్టె ఉంటుంది, ఒక ప్రశ్న తెరిస్తే కింద ఇంకొన్ని పుడతాయి. అరగంట కూచుంటే 60, 70 మాటలు పోగవుతాయి.

మూడోది గూగుల్ ట్రెండ్స్, ఒక మాటని ఎప్పుడు ఎక్కువ వెతికారో చూపేది. అందులో అంకెలు 0 నుంచి 100 దాకా ఉంటాయి, అవి వెతికినవాళ్ళ సంఖ్య కాదు. ఎంచుకున్న కాలంలో అన్నిటికన్నా ఎక్కువ వెతికినప్పటిది 100, మిగతావి దాంతో పోల్చి. "మంగళగిరి" అని ఒక్క మాట పెట్టారో ఎయిమ్స్ ఆసుపత్రి, పానకాల స్వామి గుడి, పోలీసు ప్రధాన కార్యాలయం అన్నీ కలిసిపోతాయి. చీర, శారీ, డ్రెస్ అన్న మాట తగిలించాలి.

ఇప్పుడు మీ అసలు లోపం: అమ్ముడైన చీర పేజీ తీసేయడం. ఒక పేజీ గూగుల్‌లో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. మీ చీర పది రోజుల్లో అమ్ముడైపోతుంది. పేజీ వేరు పట్టేలోపే పీకేస్తున్నారు, అందుకే కదలని హోమ్ పేజీ ఒక్కటే, మీ పేరుతో ఒక్కటే, నిలబడింది. ఒక్కటే పీసు అమ్మేవాళ్ళు చీర పేజీ మీద ఆశ పెట్టుకోకూడదు. రకం పేజీ మీద పెట్టాలి. నిజాం అంచు కాటన్ చీరలు, మంగళగిరి పట్టు చీరలు, గళ్ళ చీరలు, డ్రెస్ మెటీరియల్, మీటర్ల లెక్కన బట్ట, 2000 లోపు చీరలు. ఇలాంటివి ఓ పదో పన్నెండో. వీటి అడ్రసు ఎప్పుడూ మారదు, లోపల చీరలు మారుతుంటాయి.

ఊకామర్స్‌లో ప్రతి కేటగిరీకీ వివరణ పెట్టె ఉంటుంది, నూటికి తొంభై మంది ఖాళీగా వదిలేస్తారు. అక్కడ 150 నుంచి 200 మాటలు రాయండి. "మా అద్భుతమైన కలెక్షన్" కాదు. నూలు కౌంటు ఎంత, చీర పొడవు ఎంత, జాకెట్టు ముక్క ఎంత, అది చీరలో కలిసి ఉందా విడిగానా, గంజి పెట్టాలా, మొదటి ఉతుకులో రంగు దిగుతుందా, ఎన్ని రోజుల్లో పంపుతారు, అమెరికాకి పంపుతారా. కొనేముందు ఫోన్‌లో ఏం అడుగుతారో అదే. శీర్షిక "మంగళగిరి కాటన్ చీరలు, నిజాం అంచు", చివర కొట్టు పేరు. మీ సైటులో పేజీలన్నిటికీ కొట్టు పేరే ముందుంటుందని పందెం.

అమ్ముడైన చీర పేజీని ఏం చేయాలంటే, ఆ రకం మళ్ళీ నేయిస్తారనుకుంటే "స్టాకు లేదు" అని పెట్టి కింద దగ్గరి రంగులు చూపించండి. ఇక రానే రాదంటే 301 దారి మళ్ళింపుతో (పాత అడ్రసు నొక్కినవాళ్ళని శాశ్వతంగా కొత్తదానికి పంపేది) దాని రకం పేజీకి పంపండి. అన్నిటినీ హోమ్ పేజీకి మళ్ళించకండి, గూగుల్ దాన్ని సాఫ్ట్ 404 కింద తీసుకుంటుంది, అంటే పేజీ లేనట్టే లెక్క.

ఇంకోటి, రంగు, ధర, వరుస క్రమం ఫిల్టర్లు నొక్కినప్పుడల్లా కొత్త అడ్రసు పుడుతుంది. 400 చీరలకి వేల అడ్రసులు. గూగుల్ బాటు వాటిల్లో పడి తిరుగుతూ మంచి పేజీలకి ఆలస్యంగా వస్తుంది. ఫిల్టర్ అడ్రసులకి రోబోట్స్ ఫైలులో (ఏ పేజీలకి రావద్దో బాటుకి చెప్పే ఫైలు) అడ్డు పెట్టండి.

లిపిగోల:

తెలుగా ఇంగ్లీషా అన్నది పైవాళ్ళు వదిలేశారు. మన వ్యాపారాలకి అసలు చిక్కు అక్కడే.

కొనేవాళ్ళు మూడు రకాలుగా కొడతారు: ఇంగ్లీషు మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు, తెలుగు లిపి. మంగళగిరి అన్న పేరే చూడండి. మనం ఇంగ్లీషులో ఎల్ తరవాత ఎ రాస్తాం. హిందీ అలవాటున్నవాళ్ళు ఆ అచ్చు మింగేసి మంగల్‌గిరి అంటారు, అలాగే రాస్తారు. ఉత్తరాది కొట్లు కూడా ఎక్కువగా అలాగే అమ్ముతాయి. మీరు సెర్చ్ కన్సోల్‌లో ఒక్క స్పెల్లింగే ఫిల్టర్ పెట్టి చూస్తే రెండోది మొత్తం జారిపోతుంది. రెజెక్స్‌లో ఎల్ తరవాతి ఎ అక్షరం వెనక ఒక ప్రశ్నార్థకం పెడితే, ఆ అక్షరం ఉన్నా లేకున్నా పట్టుకుంటుంది. శారీకి చివర రెండు ఇ అక్షరాలు రాసేవాళ్ళున్నారు, ఒక్క ఐ రాసేవాళ్ళున్నారు, మధ్యలో నిలువు గీత పెట్టి రెండూ రాయాలి.

ఇలాంటి స్పెల్లింగ్ తేడాల్ని ఫలితాలు చూపించేటప్పుడు గూగుల్ చాలావరకు తనే సర్దుకుంటుంది. కాబట్టి పేజీ అడుగున స్పెల్లింగులన్నీ దండగా గుచ్చకండి. "దీన్నే కొందరు మంగల్‌గిరి అని కూడా రాస్తారు" అని ఒక్క వాక్యం ఒక్క పేజీలో చాలు.

తెలుగు లిపిలో టైపు చేసేవాళ్ళు తక్కువే కావచ్చు, మాట్లాడేవాళ్ళు తక్కువ కాదు. 2017లో గూగుల్ తెలుగు మాటని వినడం మొదలుపెట్టింది. మైకు నొక్కి మాట్లాడితే తెలుగు లిపిలో పొడవాటి ప్రశ్న పడుతుంది: "మంగళగిరి చీర ఒరిజినలో కాదో ఎలా తెలుస్తుంది", "పట్టు చీర ఇంట్లో ఉతకచ్చా". వీటికి తెలుగులో మంచి జవాబున్న పేజీలు తక్కువ, పోటీ కూడా తక్కువ. అందుకని నా సలహా: 400 చీరల వివరాలు మిషన్ అనువాదంలో వేసి తెలుగు సైటు అనకండి. ఐదో ఆరో పేజీలు చేత్తో తెలుగులో రాయండి. చేనేతని గుర్తుపట్టడం, హ్యాండ్లూమ్ మార్క్, సిల్క్ మార్క్ చీటీలు ఏం చెబుతాయి, ఉతకడం, గంజి, జరీ నల్లబడకుండా దాచడం. చీరల పేజీలు ఇంగ్లీషులో ఉండనివ్వండి. ఒకే పేజీ రెండు భాషల్లో ఉంటే హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగులు (ఈ పేజీకి రెండో భాష పేజీ ఎక్కడుందో గూగుల్‌కి చెప్పేవి) రెండువైపులా పెట్టాలి. ఒకవైపే పెడితే గూగుల్ పట్టించుకోదు.

ఇక తప్పులు. పాంప్లెట్ కోసం డీటీపీ చేయించిన అను ఫాంట్ మేటర్‌ని తెచ్చి సైటులో అతికిస్తారు. అను యూనికోడ్ కాదు, అడుగున ఉండేవి వేరే అక్షరాలు, ఫాంట్ ముసుగు వేసి తెలుగులా చూపిస్తుంది. గూగుల్‌కి అది గీకుడే. పరీక్ష తేలిక: పేజీలో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగు వస్తే సరే, పిచ్చి గుర్తులు వస్తే యూనికోడ్‌లోకి మార్పించండి. అసలు కాపీయే కాకపోతే అది బొమ్మ. ధర, అంచు, రంగు అన్నీ పోస్టర్ బొమ్మ మీద రాసి, కింద అక్షరం ముక్క రాయనివాళ్ళు చాలామంది.

వర్డ్‌ప్రెస్‌లో ఇంకో ఉచ్చు. పేజీ పేరు తెలుగులో పెడితే అడ్రసు కూడా తెలుగులోనే తయారవుతుంది. లోపల ఒక్కో అక్షరం, గుణింతం గుర్తుతో సహా, శాతం గుర్తులతో కలిపి 9 స్థానాలు తింటుంది. ఆ గడికి పట్టేది 200. అంటే 22 అక్షరాలు దాటాక అడ్రసు తెగిపోతుంది, వాట్సాప్‌లో పంపితే అరపేజీ శాతం గుర్తులు వస్తాయి. పేజీ తెలుగులో ఉన్నా అడ్రసు పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి.

రెజెక్స్‌లో తెలుగు మాటలకి మొదలు మాత్రమే రాయండి. "చీర" అని పెడితే చీరలు, చీరల, చీరలకి అన్నీ వస్తాయి. "హ్యాండ్‌లూమ్" లాంటివాటిలో డ్ తరవాత కంటికి కనపడని విడదీసే గుర్తు కొందరి కీబోర్డు వేస్తుంది, కొందరిది వేయదు. చూడ్డానికి ఒకటే, యంత్రానికి రెండు. రెండు రకాలూ పెట్టండి.

మ్యాపు_మాస్టారు:

కొట్టుకి నడిచి వచ్చేవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. గుడికి వచ్చి "దగ్గర్లో చీరల షాపు" అని కొట్టేవాళ్ళకి మీ సైటు కాదు, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాపులో కొట్టు పేరు, ఫోను, వేళలు చూపే పేజీ) కనిపిస్తుంది. అక్కడ గూగుల్ చూసేవి మూడు: వెతికినదానికి సరిపోతుందా, ఎంత దూరం, ఎంత పేరుంది. దూరం మీ చేతిలో లేదు. మంగళగిరి కొట్టు హైదరాబాదులో "దగ్గర్లో" కింద రాదు, దానికి పడుగు_పేక గారు చెప్పిన పేజీలే దిక్కు.

చేతిలో ఉన్నది కేటగిరీ. ముఖ్యమైనది ఒకటి, అదనంగా 9 దాకా. ముఖ్యమైనది చీరల దుకాణం పెట్టండి, బట్టల దుకాణం అని పెద్ద మాట పెట్టకండి. అదనపువి మీరు నిజంగా అమ్మేవే. పేరు గడిలో బోర్డు మీదున్న పేరే ఉండాలి. "ఫలానా హ్యాండ్లూమ్స్, మంగళగిరి బెస్ట్ పట్టు చీరలు హోల్‌సేల్" అని సాగదీస్తే నియమం మీరినట్టు, ప్రొఫైల్ ఆగిపోవచ్చు. ఆ మాటలు వివరణలో రాయండి, 750 అక్షరాలు పడుతుంది.

ఈ ప్రొఫైల్‌లోనే పర్ఫార్మెన్స్ నొక్కితే ఏ మాటలు వెతికి మిమ్మల్ని చూశారో నెలవారీ జాబితా ఉంటుంది. సెర్చ్ కన్సోల్ జాబితాకీ దీనికీ పోలిక ఉండదు. ఇక్కడ పొట్టి మాటలు, పక్క కొట్టు పేర్లు, వీధి పేర్లు ఎక్కువ. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ప్రొఫైల్‌లో ఇచ్చే సైటు లింకుకి యూటీఎం తోక (ఎక్కడినుంచి వచ్చారో చెప్పేలా అడ్రసు చివర చేర్చే మాటలు) తగిలించండి. లేకపోతే మ్యాపు నుంచి వచ్చినవాళ్ళూ మామూలు ఫలితం నొక్కి వచ్చినవాళ్ళూ ఎనలిటిక్స్‌లో కలిసిపోతారు. తోక ఉన్న అడ్రసు సెర్చ్ కన్సోల్‌లో వేరే పేజీలా కనిపిస్తుంది, అది తప్పు కాదు. దాన్ని నొక్కి క్వెరీలు చూస్తే మ్యాపు ద్వారా వచ్చిన మాటలు విడిగా తెలుస్తాయి.

గూగుల్ ఉచితంగా ఇచ్చిన పాత ఒక పేజీ సైట్లు 2024 మార్చిలో మూసేశారు. మీ విజిటింగ్ కార్డుల మీదో సంచుల మీదో ఆ అడ్రసు అచ్చై ఉంటే అది ఇప్పుడు ఎక్కడికీ పోదు. మరోమాట, ప్రొఫైల్‌లో ఫోన్ నంబరు, వేళలు ఎవరైనా మార్పు సూచించవచ్చు. వారానికోసారి చూసుకోండి. సమీక్షలు అడగండి, కానీ సమీక్ష రాస్తే తగ్గింపు ఇస్తామనకండి, అది నిషిద్ధం. "ఏ చీర కొన్నారో రాయండి" అంటే చాలు, వాళ్ళు రాసిన మాటలే ఫలితాల్లో మెరుస్తాయి.

అంచు_జరీ:

చాలా థాంక్స్ అండీ. రీడింగ్ సెట్టింగ్ గడి చూశాను, టిక్కు లేదు. రకం పేజీల వివరణలు నిజంగానే ఖాళీగా ఉన్నాయి, శీర్షికల పందెం కూడా పడుగు_పేక గారిదే. రెండు సంగతులు: "హైదరాబాదులో మంగళగిరి చీరలు", "బెంగళూరులో మంగళగిరి చీరలు" అంటూ 30 ఊళ్ళకి పేజీలు చేసిస్తామంటున్నారు, చేయించాలా? కొద్దిగా డబ్బు పెట్టి ప్రకటన వేస్తే మాటలు తొందరగా తెలుస్తాయా?

పడుగు_పేక:

చేయించకండి. ఊరి పేరు తప్ప అంతా ఒకటే ఉన్న పేజీలని గూగుల్ డోర్‌వే పేజీలంటుంది, స్పామ్ నియమాల్లో పేరు పెట్టి మరీ వద్దంది. ఆ ఊళ్ళో మీకు కొట్టే లేనప్పుడు వెతికినవాడికి కూడా అది మోసమే. ఒక్క డెలివరీ పేజీ చాలు: ఏ ఊరికి ఎన్ని రోజులు, ఛార్జీ ఎంత, ఎన్ని రూపాయలు దాటితే ఉచితం, వాపసు ఎలా, విదేశాలకి ఎంత బరువుకి ఎంత.

రూపాయి_క్లిక్కు:

ప్రకటనని అమ్మకానికి కాకుండా మాటలు నేర్చుకోవడానికి వాడొచ్చు. రోజుకి 300 చొప్పున పది రోజులు, 3000 రూపాయల పని. ఏ రోజైనా రెట్టింపు దాకా ఖర్చవుతుంది, హడలిపోకండి, నెల మీద సర్దుకుంటుంది.

సెర్చ్ క్యాంపెయిన్ ఒక్కటే ఎంచుకోండి. పర్ఫార్మెన్స్ మ్యాక్స్ (ప్రకటన ఎక్కడెక్కడ వేయాలో గూగులే తేల్చుకునే రకం) వద్దు, నేర్చుకోవడానికి పనికిరాదు. డిస్‌ప్లే నెట్‌వర్క్, సెర్చ్ పార్ట్‌నర్స్ టిక్కులు తీసేయండి. ప్రాంతం దగ్గర మామూలుగా "అక్కడున్నవాళ్ళు, అక్కడి మీద ఆసక్తి ఉన్నవాళ్ళు" అని ఉంటుంది, "అక్కడున్నవాళ్ళు" మాత్రమే పెట్టండి. మాటల్ని జంట కొటేషన్లలో పెడితే ఫ్రేజ్ మ్యాచ్ (ఆ మాట అర్థం ఇమిడి ఉన్న వెతుకులాటలకి చూపిస్తుంది), చదరపు బ్రాకెట్లలో పెడితే ఎగ్జాక్ట్ (అదే అర్థం ఉన్నవాటికే). ఏదీ పెట్టకపోతే బ్రాడ్, గూగుల్ తనకి తోచినదానికల్లా చూపిస్తుంది. మీకు ఫ్రేజ్ సరిపోతుంది.

మొదటి రోజే అడ్డు మాటల జాబితా పెట్టండి: ఎయిమ్స్, ఓపీ, గుడి, ఉద్యోగాలు, బస్సు, ప్లాట్లు, వాతావరణం. మంగళగిరి అన్న మాట ఒక్క చీరలది కాదు. ఇది పెట్టకపోతే ఆసుపత్రి అపాయింట్‌మెంట్ కోసం వెతికేవాళ్ళు కూడా మీ ప్రకటన నొక్కుతారు, డబ్బు మీది. అద్దె, ఉచితం, సెకండ్ హ్యాండ్ కూడా చేర్చండి. "హోల్‌సేల్" అడ్డుపెట్టాలా వద్దా అన్నది మీరు టోకున అమ్ముతారా లేదా అన్నదాన్ని బట్టి.

రెండు రోజులకోసారి సెర్చ్ టెర్మ్స్ రిపోర్టు చూడండి. మీరు కొన్న మాట కాదు, జనం కొట్టిన మాట అక్కడ ఉంటుంది. పనికొచ్చేవి రకం పేజీల శీర్షికల్లోకి, పనికిరానివి అడ్డు జాబితాలోకి. ఇక్కడా అన్నీ చూపించరు, తక్కువమంది కొట్టినవి దాస్తారు. కీవర్డ్ ప్లానర్ (ఒక మాటని నెలకి ఎన్నిసార్లు వెతుకుతారో అంచనా చెప్పేది) కూడా ఇదే ఖాతాలో దొరుకుతుంది. ఖర్చు పెట్టనివాళ్ళకి నెలకి 100 నుంచి 1000 అన్నట్టు వెడల్పు అంచనాలే ఇస్తుంది. ఏ మాట దేనికన్నా పెద్దదో తెలియడానికి అది చాలు.

క్లిక్కు_లెక్క:

ఇంకొకటి, పంచాంగం సంగతి. సెర్చ్ కన్సోల్‌లో పోయిన ఏడాది ఇదే తేదీలతో పోల్చే బటన్ ఉంది. చీరలకి అది తప్పుదారి పట్టిస్తుంది. వరలక్ష్మీ వ్రతం 2024లో ఆగస్టు 16న, 2025లో ఆగస్టు 8న వచ్చింది. ఆగస్టు రెండో వారాన్ని రెండో వారంతో పోలిస్తే ఒక ఏడాది పండగ, ఒక ఏడాది పండగ ముందు రోజులు. అధిక మాసం వచ్చిన ఏడాదైతే నెల మొత్తం జరిగిపోతుంది, 2023లో శ్రావణమే రెండుసార్లు వచ్చింది. కస్టమ్ పోలికలో పండగకి ముందు 30 రోజులు తీసుకుని, అంతకుముందు ఏడాది పండగకి ముందు 30 రోజులతో పోల్చండి. ఆషాఢం సేల్, దసరా, సంక్రాంతి కూడా అలాగే. మూఢంలో క్లిక్కులు పడితే సైటు చెడిందని పేజీలు మార్చేయకండి. పండగ పేజీ పెట్టేదుంటే రెండు నెలల ముందే పెట్టండి. అడ్రసులో ఏడాది అంకె వేయకండి, ప్రతి ఏడూ అదే పేజీని తిరగరాయండి.

అంచు_జరీ:

చివరిగా ఒకటి. ఎనలిటిక్స్‌లో సగానికి పైగా "డైరెక్ట్" అని ఉంది. అంతమంది మా అడ్రసు గుర్తుపెట్టుకుని కొడతారంటే నమ్మకం లేదు.

క్లిక్కు_లెక్క:

నమ్మకండి. వాట్సాప్‌లో మీరు పంపిన లింకులు నొక్కినవాళ్ళలో చాలామంది డైరెక్ట్ కిందే పడతారు, ఎక్కడినుంచి వచ్చారో ఆ యాప్ చెప్పదు. బ్రాడ్‌కాస్ట్‌లో పంపే ప్రతి లింకుకీ, ఇన్‌స్టాగ్రామ్ బయోలో లింకుకీ, డబ్బా మీది క్యూఆర్ కోడుకీ వేరువేరు యూటీఎం తోకలు పెట్టండి. తోకలో అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే వాడండి, పెద్దవి కలిస్తే రెండు వరసలుగా విడిపోతుంది. సైటు లోపలి లింకులకి మాత్రం ఎప్పుడూ పెట్టకండి, గూగుల్ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఆ తోక లెక్కలోకి పోతారు.